పుస్తకంలో లేని కాగితం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ప్రకాశం జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు ఆయాగా చేశాను. పోయినవాళ్లకు ఒళ్లు తుడిచి, గడ్డానికి గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్లు కలిపి ముడేసి పంపించిన చేతులివి. శవం ఉన్న గదిలోనే కూర్చుని క్యారేజీ విప్పుకుని అన్నం తిన్న రోజులున్నాయి. ఒక్కరు కూడా లేచి నన్ను పలకరించలేదు. పోయినవాళ్లంత నెమ్మదస్తులు లేరు. గొడవంతా బయట వరండాలో ఉన్న చుట్టాలతోనే.

కాబట్టి ఇది చదివి, ముసలామె భయపడి ఏదో ఊహించుకుంది అనుకోవద్దు. నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను.

ముందు ఇంకో సంగతి. అరవై మూడో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు గేదెలు కాశాను, బడికి పోలేదు. ఆదివారం బడిలో మాత్రం అయ్యగారు వాక్యం చెప్తే పిల్లలందరం తిరిగి చెప్పేవాళ్లం. మా వైపు పాస్టరును అయ్యగారు అంటాం. ఏదైనా రెండుసార్లు వింటే నాకు నిలిచిపోయేది. అలా కీర్తనలు సగానికి పైన నోటికొచ్చాయి.

అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. గ్రంథం ఒళ్లో తెరిచి పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, చదువుతున్నట్టే చెప్పేదాన్ని. మధ్యలో పేజీ కూడా తిప్పేదాన్ని. మా ఆయనకు తెలుసు. ఆయనకూ రాదు కాబట్టి ఆయన బయటపెట్టలేదు.

ఆయన పోయాక ఇంగ్లండులోని లీడ్స్‌లో మా అమ్మాయి కరుణ దగ్గరికి వచ్చేశాను. ఆమె ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఇక్కడి తెలుగు సహవాసంలోనూ ఇదే వేషం వేశాను. "ఆంటీ ఎంత బాగా చదువుతారో" అని సాఫ్ట్‌వేరు పిల్లలు మెచ్చుకుంటుంటే సిగ్గు లేకుండా తల ఊపేదాన్ని.

మా సహవాసానికి సొంత చర్చి లేదు. ఊరి చివర ఒక పాత రాతి చర్చిలో పొద్దున పన్నెండు మంది ఇంగ్లీషు ముసలివాళ్లు కూడుకుంటారు, మధ్యాహ్నం మేము. మా బిర్యానీ డేగిశాలు, తబలా, స్పీకర్లు, కాగితం ప్లేట్లు అన్నీ వెనక చిన్నగదిలో, పెరటి తలుపుకు ఆనించి పైదాకా పేర్చి ఉంటాయి. శుభ్రం చేసే పనికి రోటా ఉంది. అందులో బుధవారం నాది.

ఆ చర్చి తాళాలు జీన్ దగ్గర ఉంటాయి. ఎనభై ఆరేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, గట్టి గొంతుతో ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఆమెకు ముందు ఆ తాళాలు వాళ్ల నాన్న దగ్గర ఉండేవి. ఆయన ఉన్ని మిల్లులో పని చేసేవాడు. మిషన్ ఆసుపత్రిలో దొరసానుల దగ్గర విని పట్టిన ఇంగ్లీషు ఆమెతో మాట్లాడడానికి నాకు సరిపోయేది.

జీన్ నన్ను పట్టేసింది. ఒక బుధవారం ఊడ్చి అలిసిపోయి బల్ల మీద కూర్చున్నాను. లేచేసరికి కోటు వెనక గోధుమ రంగు చారలు. బల్ల మీద ఒక కాగితం అంటించి ఉంది, నేను చూశాను కూడా.

"రత్నా లవ్, ఆ కాగితం మీద ఏం రాసుంది?" అని అడిగింది జీన్. ఈ ఊళ్లో లవ్ అంటే మన అమ్మా అన్నట్టే.

చర్చిలో ఏం రాస్తారు? "దేవునికి స్తోత్రం" అన్నాను.

"తడి రంగు, కూర్చోకండి అని రాసుంది."

ఆమె కాసేపు నన్ను చూసింది. నవ్వలేదు. "మా అమ్మమ్మకూ చదవడం రాదు. సోమవారం పదింటికి రా. పెన్సిలు తెచ్చుకో" అంది.

అలా మొదలైంది. సోమవారం, శుక్రవారం పాఠం. ఏ, బీ, సీ అంటూ మొదలుపెడితే నా బుర్రకు ఎక్కలేదు. వారం చూసి జీన్ పద్ధతి మార్చింది. ఏదైనా ఒక నాలుగు వాక్యాలు ఆమె రెండుసార్లు చదివేది. నాకు నోటికొచ్చేసేది. అప్పుడు అచ్చు కాగితం నా ముందు పెట్టి, "ఇప్పుడు నీ నోట్లో ఉన్నదాన్ని ఇందులో వెతుక్కో" అనేది. నేను చెప్పుకుంటూ వేలు జరుపుతూ పోయేదాన్ని. నోట్లోని చివరి మాటా కాగితం మీది చివరి ముక్కా ఒకేచోట కలిస్తే సరిగ్గా పోయినట్టు. కలవకపోతే మళ్లీ మొదటికి. అలా ఏడాదిలో ఇంగ్లీషు అక్షరాలు పట్టుబడ్డాయి. అదే పద్ధతిలో ఇంట్లో కూర్చుని కీర్తనలతో తెలుగు నేనే నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ తెలుగే. తప్పులు మా అమ్మాయి దిద్దింది.

పాఠం చెప్పే ఆ చిన్నగదిలో ఒక గాజుపెట్టె ఉండేది. అందులో ఒక పుస్తకం. అరచేతిలో పట్టేంత. గోధుమరంగు తోలు అట్ట, మూలలు అరిగిపోయి ఎలకలు కొరికినట్టుండేది. పల్లెటూరి ఇళ్లలో దేవుని మాట ఎలా నడవాలో చెప్పే పుస్తకమట అది. నాలుగు వందల ఏళ్ల కిందట ఆ చుట్టుపక్కల ఊళ్లకు పాస్టరుగా ఉన్నాయన రాశాడట.

ఆయన మహా మొండివాడని జీన్ చెప్పింది. ఆరాధనలో తెల్ల అంగీ తొడుక్కోవాలని పైవాళ్లు హుకుం ఇస్తే, "దేవుడికి నా గుడ్డలతో పనేంటి" అన్నాడట. ఉద్యోగం పీకేశారు. ఆ తరువాత ధాన్యం కొట్టాల్లో, పశువుల పాకల్లో జనాన్ని కూర్చోబెట్టి వాక్యం చెప్పాడట. మేముండే చర్చి ఆయన పోయిన చాలాకాలానికి, ఆయన మాట విన్నవాళ్ల మునిమనవలు కట్టుకున్నది. పుస్తకం మాత్రం చేతులు మారుతూ అక్కడికి చేరింది. లోకంలో ఇంకెక్కడా ఇది ఉన్నట్టు ఎవరికీ తెలియదని లైబ్రరీవాళ్లు చెప్పారు.

జీన్ ఆయన్ని "మా ముసలాయన" అనేది, పక్కవీధిలో ఉన్నట్టే. నేను అయ్యగారు అనేదాన్ని.

ఆ పుస్తకంలో ఒక కాగితం లేదు. మధ్యలో ఎక్కడో ఒక్క కాగితం, అంటే రెండు చిన్న పేజీలు. పోయినట్టు కూడా చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఆ పాత అచ్చు చదవలేక, చదివే ఓపిక లేక, పెట్టెలో పెట్టి దండం పెట్టుకున్నట్టు ఉంచారంతే. జీన్‌కు నడివయసు వచ్చాక ఎవరో పెద్దమనిషి కూర్చుని మొత్తం ఎత్తి రాస్తుంటే బయటపడింది.

కాగితం పోయాక వచ్చే పేజీ సగం వాక్యంతో మొదలవుతుంది: "విధవరాలి గడప దగ్గర పెట్టి, తలుపు కొట్టి, ఆమె వచ్చేలోగా వెళ్లిపో." ఏం పెట్టాలి? అది పోయిన కాగితంలో ఉంది. దీని మీద ఆ పన్నెండు మంది ముసలివాళ్లు ఎన్నేళ్ల నుంచో వాదించుకునేవాళ్లు. ఒకాయన రొట్టె అంటాడు. ఒకావిడ బొగ్గులు అంటుంది. జీన్ వాళ్ల నాన్న మాత్రం, పరిశుద్ధ గ్రంథమే అయ్యుంటుంది అనేవాడట.

జీన్‌కు ఇది వాదన కాదు. ఒకరోజు పాఠం మధ్యలో నా పెన్సిలు పక్కన పెట్టించి చెప్పింది. "నాకు ఇల్లు లేకపోయినా ఫర్వాలేదు, కళ్లు పోయినా ఫర్వాలేదు. పోయేలోపు ఆ కాగితంలో ఏముందో ఒక్కసారి వినాలి రత్నా." ఎందుకంత పట్టుదలో చెప్పలేదు. నేను అడగలేదు.

ఇక జరిగింది రాస్తాను.

మార్చి నెల, బుధవారం. పొద్దున పది దాటింది. ఆ ఏడాది నుంచి బుధవారాలు జీన్ ముసలివాళ్ల లంచ్ క్లబ్బుకు పోతోంది, అక్కడ ఉండదు. జీన్ ఇచ్చిన తాళంచెవితో లోపలికి వెళ్లగానే ముందు తలుపు గడియ వేసుకుంటాను. ఒంటరిగా ఉంటావు, గడియ వెయ్యి అని కరుణ పోరు. మాప్ పట్టుకుని బల్లల మధ్య తుడుస్తుంటే చిన్నగదిలోంచి మగగొంతు వినబడింది.

చదువుతున్నాడు. గట్టిగా కాదు, నెమ్మదిగా. ఈ ఊరి పాతకాలపు యాస. ఒక్కో వాక్యం రెండుసార్లు చదివి ఆగుతున్నాడు. తలుపు ఓరగా ఉంది. నాకు కనబడింది ఒక నల్ల చొక్కా చెయ్యి, బల్ల మీద చిన్న పుస్తకం, అక్షరాల కింద జరుగుతున్న వేలు. గోరు విరిగి ఉంది, మట్టిపని చేసేవాడి వేలులా. మొహం తలుపు చాటున ఉంది.

పుస్తకాన్ని చెమ్మ నుంచి కాపాడడానికి లైబ్రరీవాళ్లు వస్తారని జీన్ అంతకు ముందే చెప్పి ఉంది. వాళ్ల మనిషే అనుకున్నాను. పెరటి తలుపులోంచి వచ్చి ఉంటాడనుకున్నాను.

ఇంటికి వచ్చిన మనిషికి టీ ఇవ్వకపోతే ఎలా? కెటిల్ పెట్టి, అల్లం దంచి, పాలు ఎక్కువ పోసి మన టీ చేశాను. చదువుతున్నవాడిని కదిలించకూడదని తలుపు పక్కన స్టూలు మీద పెట్టి, "టీ పెట్టానండీ" అని ఇంగ్లీషులోనే చెప్పాను. ఉలకడు, పలకడు. చదువుతూనే ఉన్నాడు.

నేను తుడుచుకుంటూ వింటున్నాను. ఆవుల సంగతేదో చెప్తున్నాడు. నాకు పశువుల ఊసంటే ఇష్టం. అలవాటు కొద్దీ ఆయన చెప్పింది నోట్లో తిరిగి చెప్పుకుంటున్నాను. బకెట్ నీళ్లు పారబోసి వచ్చేసరికి గొంతు లేదు. గదిలో మనిషి లేడు. టీ మీద మీగడ కట్టి ఉంది.

కోపం వచ్చిందన్నాను కదా, అది ఇక్కడే. తాగనంటే తాగనని చెప్పొచ్చు కదా! తరువాతి బుధవారమూ ఇదే. మూడో బుధవారమూ ఇదే. మూడు టీలు పారబోశాను. మూడోసారి, "మీ ఇళ్లలో మర్యాద నేర్పలేదా అయ్యా" అని తెలుగులో అనేశాను కూడా. చదువు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. ఆ తరువాత రాలేదు.

ఒక సంగతి చాలా రోజుల తరువాత తట్టింది. ఆయన రెండుసార్లు చదివి ఆగేవాడన్నాను. ఆగింది ఊరికే కాదు. నేను గొణుక్కోవడం అయ్యేదాకా ఆగేవాడు. ఒకసారి మధ్యలో నాకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గి, వాక్యం పూర్తిగా చెప్పుకున్నాకే తరువాతి ముక్కకు పోయాడు.

శుక్రవారం పాఠానికి వెళ్లినప్పుడు జీన్‌తో చెప్పాను. "మీ లైబ్రరీ మనిషికి పొగరు. టీ ముట్టడు."

"మన టీ అలవాటు ఉండదులే లవ్" అంది జీన్, నా రాత దిద్దుతూ పరధ్యానంగా. ఆ టీని మన టీ అనేది ఆమె, అప్పటికి అంతగా మరిగింది. అంతటితో ఆ మాట అయిపోయింది. నేను మర్చిపోయాను.

ఎండాకాలంలో జీన్ మెట్ల మీద పడింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో నెలన్నర ఉంచి, ఇక ఒంటరిగా ఉండకూడదని కేర్ హోమ్‌కు పంపారు. అదే సమయంలో చర్చి పైకప్పు కారి, గాజుపెట్టెలోకి చెమ్మ దిగింది. పుస్తకాన్ని లైబ్రరీవాళ్లు తీసుకుపోయారు. పోయేముందు పేజీలన్నీ ఫొటోలు తీసి, పక్కనే ఈ కాలపు అక్షరాల్లో పెద్దగా అచ్చు వేసి, జీన్‌కు ఒక కట్ట పంపారు. మంచివాళ్లే. కానీ జీన్ చూపు అప్పటికే మధ్యలో మాసిపోయింది. మనిషి అంచులు కనబడతాయి, మొహం కనబడదు అనేది.

రెండు బస్సులు మారి వారానికి మూడుసార్లు వెళ్లేదాన్ని. పప్పుచారు తీసుకెళ్తే ఫ్లాస్కు మూతలో పోసుకుని తాగేది. కేర్ హోమ్ తిండిని తిట్టేది. ఒకరోజు మధ్యాహ్నం దిండు కింద నుంచి ఆ కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది.

"చదువు."

"నేనా? నాలుగు ముక్కలకే చెమటలు పడతాయి నాకు."

"నాకేం తొందర్లేదు. ఎక్కడికి పోతాను?"

అలా నా జీవితంలో మొదటిసారి, నోటికి రాని పుస్తకాన్ని ఇంకొకరికి చదివి వినిపించాను. రోజుకు రెండు పేజీలు. తప్పు చదివితే జీన్ కళ్లు మూసుకునే దిద్దేది. అయ్యగారు నాకు నచ్చాడు. పనిమనిషిని తిట్టకు అంటాడు. అన్నం ముందు పెట్టుకుని పొడుగు ప్రార్థన చేయకు, చల్లారిపోతుంది అంటాడు. మొండివాడే గానీ కడుపు తెలిసినవాడు.

ఆ పాత పుస్తకాల్లో ఒక అలవాటు ఉందని జీన్ చెప్పింది. ప్రతి పేజీ కింద మూలలో, తరువాతి పేజీ మొదటి మాటను విడిగా అచ్చు వేస్తారు. కాగితాలు వరుస తప్పకుండా కుట్టేవాళ్లకు అది గుర్తు.

రెండో వారంలో విశ్రాంతి దినం గురించిన పేజీకి వచ్చాం. కరుణ ఆరోజు డ్యూటీ దిగి నన్ను తీసుకుపోవడానికి వచ్చి, కిటికీ దగ్గర కూర్చుని ఫోను చూసుకుంటోంది. ఆమె కూడా వినింది కాబట్టే ఇది ధైర్యంగా రాస్తున్నాను.

అయ్యగారి ఇంగ్లీషును నేను మన గ్రంథం భాషలో పెట్టి రాస్తాను, దానికి అదే కుదిరింది. ఆ పేజీ ఇలా ముగుస్తుంది: "ఆ దినమున నీ పనిమనిషి నూలు వడకకూడదు, బరువు మోయకూడదు, సంతకు పోకూడదు. అయితే నీ". అక్కడితో పేజీ అయిపోయింది. కింద మూలలో ఒక్క మాట: "పశువులకు".

నా వేలు ఆ మాట మీద ఆగింది. నోరు ఆగలేదు.

"పశువులకు ఆ దినమేదో తెలియదు. పొదుగు నిండిన ఆవును సాయంకాలము వరకు నిలువబెట్టి, నేను దేవుని మందిరమునకు పోయితినని చెప్పుకొనువాడు దేవునికి కాదు, తన గర్వమునకు మ్రొక్కెను. నీ పాటకంటె ముందుగా దాని అరుపు ఆయన చెవిని చేరును. కాబట్టి పితుకుము. చేతులు కడుగుకొని పితుకుము. మందిరమునకు ఆలస్యమగునని తొందరపడి లాగకుము, దానికి నొప్పి కలుగును. ఆ పాలు అమ్మకుము, ఆ దినమున అమ్ముట తగదు. పారబోయకుము, అది మరింత తగదు. వెచ్చగా ఉండగానే తీసికొనిపోయి..."

ఇంకా ఉంది, అంతా రాయడం లేదు. ఎక్కడా తడుముకోలేదు. నీళ్లలా వచ్చింది. వస్తున్నంతసేపూ నా చెవిలో ఆ బుధవారాల గొంతే. "తీసికొనిపోయి" దగ్గర నాకు తెలిసింది అయిపోయింది. ఆగిపోయాను. చేతిలోని కాగితం తిప్పాను. ఎదురుగా ఉంది: "విధవరాలి గడప దగ్గర పెట్టి".

కరుణ ఫోను పక్కన పెట్టింది.

"రత్నా, అక్కడ కాగితం లేదు కదా" అంది జీన్.

"లేదు."

"మరి నువ్వు దేంట్లో చదివావు?"

మూడు బుధవారాల సంగతి చెప్పాను. నల్ల చొక్కా, విరిగిన గోరు, టీ, అన్నీ. జీన్ మొత్తం విని ఒక్కటే అడిగింది. "ఏ తలుపులోంచి వచ్చాడనుకున్నావు?"

"పెరటి తలుపు."

అన్నాక నాకే తట్టింది. పెరటి తలుపుకు ఆనించి మా డేగిశాలు పైదాకా ఉన్నాయి. అవి తీయాలంటే నలుగురు మగవాళ్లు కావాలి. గాజుపెట్టె తాళంచెవి జీన్ మెడలో గొలుసుకు ఉండేది, రాత్రీ పగలూ. ఆ మార్చిలో లైబ్రరీ నుంచి వచ్చింది ఒక్కసారేనట. వచ్చింది ఆడమనిషి, అదీ శుక్రవారం.

జీన్ దాన్ని పట్టించుకోలేదు. "ఇంకోసారి చెప్పు" అంది. చెప్పాను. "ఆఖరి ముక్క మళ్లీ." చెప్పాను.

"పాలా?" అంది.

"పాలే."

ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందనుకుని కరుణ లేచింది. ఏడుపు కాదు. నవ్వు. తుంటి నొప్పికి అబ్బా అంటూనే నవ్వుతోంది. "పాలు! నాన్న పాపం గ్రంథం అనుకున్నాడు. ఎనభై ఏళ్లు, రత్నా! ఎనభై ఏళ్లు నేను ఒక ఆవు కోసం నిద్ర మానుకున్నాను!"

అప్పుడు చెప్పింది. ఆ కాగితం చింపింది తనే. అప్పటికి ఐదేళ్లు, చదువు రాదు. చర్చి పెరట్లో పిట్టపిల్ల ఒకటి గూట్లోంచి పడి చచ్చిపోయి కనబడింది. నాన్న మనుషుల్ని పాతిపెట్టేటప్పుడు పుస్తకం పట్టుకుని ఏదో చదవడం చూసింది. పిట్టకు చదవడం తనకు రాదు. అందుకని నాన్న తాళాలతో పెట్టె తీసి, పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పిట్టను అందులో చుట్టి, సమాధుల పక్కన గుంట తీసి పెట్టింది.

తరువాత కాగితం లేదని తెలిసినప్పుడు వాళ్ల నాన్న, ఎప్పుడో చెమ్మెక్కిందని పొయ్యి దగ్గర ఆరబెట్టినప్పుడు తన చేతిలోనే పోయి ఉంటుందని నమ్మాడు. అందరి ముందూ లేచి నిలబడి క్షమాపణ అడిగాడు. ఆ తరువాత ఆ పుస్తకాన్ని చేత్తో తాకలేదు. జీన్ పక్కనే కూర్చుని ఉంది. నోరు విప్పలేదు. ఆయన పోయేదాకా విప్పలేదు.

"ఎంత పెద్ద మాటను మట్టిలో పెట్టానో అనుకున్నాను. మోక్షానికి దారి అందులోనే ఉందేమో అనుకున్నాను" అంది.

"పిట్టకు వినిపించడానికి అంతకంటే మంచి ముక్క దొరకదు" అన్నాను.

జీన్ నా చెయ్యి పట్టుకుంది. మా అమ్మాయి మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అంతలో కేర్ హోమ్ పిల్ల తలుపు తీసి, ఏమైనా తాగుతారా అని అడిగింది. "పాలు" అంది జీన్. తెచ్చాక ఒక గుక్క తాగి మొహం అష్టవంకరలు పెట్టింది. ఆమెకు ఉత్త పాలంటే అసహ్యం. అయినా మొత్తం తాగింది.

ఆ ఆదివారం తన చర్చివాళ్లను మంచం దగ్గరికి పిలిపించుకుని, నాన్న తప్పేమీ లేదని అందరితో చెప్పింది. వాళ్లలో వాళ్ల నాన్నను చూసినవాళ్లు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరితో రెండుసార్లు చెప్పింది.

పాల సంగతి బయటపడిన మరునాడు పొద్దున కరుణ ఒక సీసా నా చేతిలో పెట్టింది.

"ఇదేంటే?"

"యూరిన్ టెస్టు. పెద్దవాళ్లకు ఇన్ఫెక్షన్ వస్తే లేనివి కనబడతాయమ్మా. రోజూ వార్డులో చూస్తున్నాను."

"మార్చిలో కనబడితే అక్టోబరులో పోయమంటావా?"

పోశాను. ఏమీ లేదని వచ్చింది. జీపీ దగ్గరికి తీసుకెళ్లి మతిమరుపు పరీక్ష కూడా చేయించింది. ఆ డాక్టరు మూడు మాటలు చెప్పి పది నిమిషాల తరువాత అడిగితే, ఆ మూడింటితోపాటు మధ్యలో ఆయన ఫోనులో మాట్లాడింది కూడా అప్పజెప్పాను. ఇక కరుణ వదిలేసింది.

ఆమె వాదన ఒకటుంది, న్యాయంగా అదీ రాయాలి. ఎప్పుడో ఎవరో ఆ కాగితాన్ని ఎత్తి రాసుకుని ఉంటారు, వాళ్ల మనవడో ఎవరో చర్చికి వచ్చి అది చదివాడు, నువ్వు విన్నావు అంటుంది. కావచ్చు. ఆ మనవడు డేగిశాల్లోంచి ఎలా దూరాడో మాత్రం చెప్పదు.

నేను ఆ ముక్కంతా ఇంగ్లీషులో నా చేత్తో రాసి లైబ్రరీకి ఇచ్చాను. నాలుగు రోజులు పట్టింది. అక్కడి పెద్దావిడ మర్యాదగా చదివింది. మాటల పోకడ ఆ కాలానిదే, ముందు పేజీకీ వెనక పేజీకీ అతుకుతోంది, కానీ రుజువు లేకుండా పుస్తకంలో కలపలేం అంది. ఫైలులో ఉంచుతాం, ఎప్పుడైనా ఇంకో ప్రతి దొరికితే సరిచూస్తాం అంది. సరిచూడండి అన్నాను. నాకేం భయం?

జీన్ జనవరిలో పోయింది. నిద్రలో. ఆమె ముందే చెప్పి పెట్టినట్టు, సమాధి దగ్గర వాక్యం అయ్యాక ఆ ముక్క నేను చదివాను. జీన్ పోగా ఇంగ్లీషువాళ్లు పదకొండు మంది, మా తెలుగువాళ్లు నలభై మంది. పాల దగ్గరికి వచ్చేసరికి ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బొగ్గులని వాదించిన ఆవిడ గట్టిగానే, "అయితే పాలన్నమాట" అంది. సమాధి చుట్టూ అందరూ నవ్వారు. పాతిపెట్టే మనుషులు కూడా.

ఇది చదివినవాళ్లు నన్ను అడుగుతారు, ఆయన ఎవరు అని. నాకు తెలియదు. మొహం చూడలేదు. పోయినవాళ్లు తిరిగి రారని ఇప్పటికీ నా నమ్మకం, ఇరవై రెండేళ్లు చూసి కుదిరిన నమ్మకం అది. అయినా చింపి మట్టిలో పెట్టిన కాగితం, లోకంలో ఇంకెక్కడా లేని కాగితం, నా నోట్లోకి ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తెగడం లేదు. వినాల్సింది జీన్ కదా, ఆమె ఉండే సోమవారం, శుక్రవారం వదిలేసి ఆమె లేని బుధవారమే ఎందుకొచ్చాడో కూడా తెగడం లేదు. అది తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.

నాకు తెలిసింది ఒక్కటే. ఎనభై ఆరేళ్ల మనిషి, చిన్నపిల్లలా పడీ పడీ నవ్వింది. అది నా కళ్లతో చూశాను.